పంపినవారి పేరు

మా ఇంట్లో మెయిల్ చూసుకోవడమంటే నల్లటి తెర ముందు కూర్చోవడం. బొమ్మలుండవు, బటన్లుండవు, మౌస్ పనిచెయ్యదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల వరసలు, అంతే. ఒక అక్షరం నొక్కితే ఉత్తరం తెరుచుకుంటుంది, ఇంకో అక్షరం నొక్కితే జవాబు మొదలవుతుంది, వేలు జారి పక్క అక్షరం మీద పడితే చదవని ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది. మా ఆయనకి ఇది ప్రాణం. అమెరికాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్‌కి తనే అన్నీ బిగించి, ఈ మెయిల్ ప్రోగ్రామ్ పెట్టారు. దాని మీద బ్రౌజర్ తెరుచుకునేలోపు నేను కాఫీ కలుపుకుని, తాగి, కప్పు కూడా కడిగేసుకోవచ్చు. అందుకని బ్రౌజర్‌లో మెయిల్ చూసేవాళ్లంతా సోమరిపోతులని ఆయన తేల్చేశారు.

"ఇంతకంటే ఫాస్ట్ ప్రోగ్రామ్ ఇంకోటి లేదు, తెలుసా" అనేవారు.

కాదనలేదు. తప్పు కూడా అంతే ఫాస్ట్‌గా పోతుందని మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు అవి. నాకప్పటికే నలభై దాటాయి. ఇండియాలో డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషిని, ఇక్కడ హెచ్-ఫోర్ వీసా మీద ఉన్నాను. అంటే ఉద్యోగం చెయ్యకూడదు. కాగితాల్లో నా పేరు డిపెండెంట్. కరెంటు బిల్లు ఆయన పేరు, ఫోను ఆయన పేరు, అపార్ట్‌మెంట్ బయట పోస్టు డబ్బా మీద ఉన్నదీ ఆయన పేరే. తెలుగు సంఘం వాళ్లు ఏటా ఒక డైరెక్టరీ వేసేవారు. కుటుంబానికి ఒక వరస. ముందు భర్త పేరు, తర్వాత భార్య పేరు, పిల్లల పేర్లు, ఫోన్ నంబరు, ఈమెయిల్. ఈమెయిల్ ఒకటే. ఎవరిదని అడగక్కర్లేదు. ఇంటికి ఒక గుమ్మం ఉన్నట్టు ఇంటికి ఒక మెయిల్ అని అందరూ అనుకునేవారు, అందులో వింత ఎవరికీ కనిపించేది కాదు.

నాకంటూ ఒక మెయిల్ అడ్రస్ దొరికింది కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సులో చేరినప్పుడు. కాలేజీ వాళ్లే ఇచ్చారు. దాన్ని కూడా ఆ నల్ల తెరలోకి ఎక్కిస్తానని మా ఆయన ముచ్చటపడి కూర్చున్నారు. "జరుగు, రెండు నిమిషాలు" అని కీబోర్డు తన వైపు లాక్కుని, టకటకా ఏదో కొట్టి, "అయిపోయింది. ఇది నీ ఫోల్డర్. ఇక్కడికొచ్చి చూసుకో" అన్నారు. ఏం చేశారో నాకు చెప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను గాని ఆ చేతుల వేగానికి నాకు కనపడింది ఆయన మోచెయ్యి మాత్రమే.

ఇక అసలు గొడవ. సంఘం వాళ్లు ఒక ఎలిమెంటరీ స్కూల్లో గదులు అద్దెకు తీసుకుని ఆదివారాలు తెలుగు బడి నడిపేవారు. అందులో కాస్త పెద్ద పిల్లలకి చదవడం, రాయడం నేర్పే క్లాసు నాది. జీతం లేని పని కాబట్టి వీసా అడ్డం రాలేదు. "ఆంటీ, ఈ లెటర్‌కి కింద ఇంకో లెటర్ ఎందుకు వేలాడుతోంది?" అని వత్తుల గురించి అడిగిన పిల్ల, కొన్ని నెలలకి ఇండియన్ స్టోర్లో బియ్యం సంచి ముందు ఆగిపోయి "సో-నా-మ-సూ-రి" అని కూడబలుక్కుని చదివింది. వాళ్లమ్మ ఆ మాట చెబుతుంటే నేను ఊరికే తలూపాను గాని, ఆ వారమంతా నా నడకే వేరు. ఈ దేశంలో నేను చేస్తున్నాను అని చెప్పుకోడానికి ఉన్నది ఆ క్లాసొక్కటే.

ఆ క్లాసు తీసేద్దామన్నారు కమిటీ వాళ్లు. వార్షికోత్సవానికి డాన్సు ప్రాక్టీసుకి గది కావాలట. చిన్నపిల్లల క్లాసులో పద్యాలు, పాటలు ఎలాగూ ఉన్నాయి, పెద్ద పిల్లలకి చదవడం రాయడం ఎందుకు, ఇక్కడ ఎవరికి ఉత్తరాలు రాస్తారు అన్నారు. మీటింగులో నేను లేచి మాట్లాడాను. గట్టిగానే మాట్లాడాను. నా గొంతు కాలేజీలో చివరి బెంచీ దాకా వినపడడానికి తయారైన గొంతు, దాన్ని ఇప్పుడు మార్చుకోలేను. అధ్యక్షుల వారు ఓపిగ్గా నవ్వి, "మేడమ్ గారు కొంచెం ఎమోషనల్ అవుతున్నారు. టీ తీసుకోండి మేడమ్" అన్నారు. వెనక కుర్చీలో కూర్చున్న ఆయన భార్య లేచి నాకు టీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఏ మీటింగులోనూ మాట్లాడగా నేను వినలేదు. కప్పులు అందించడం, కుర్చీలు సర్దడం, పిల్లల హాజరు రాసుకోవడం, ఇవన్నీ ఆవిడవే.

సరే, ఎమోషనల్ అన్నారు కదా అని, ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో రాశాను. తెలుగు చదవడం నేర్పే క్లాసు గురించి ఇంగ్లీషులో ఎందుకు రాశానంటే, మా నల్ల తెర మీద తెలుగు అక్షరం ప్రతిదీ ప్రశ్నార్థకం గుర్తై కూర్చునేది. కమిటీకి నా బాధ వరసగా ప్రశ్నార్థకాలుగా పంపలేను. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. 'నేను' అనే మాట ఒక్క చోట కూడా రానివ్వలేదు. లెక్కల పేపరుకి జవాబు రాసినట్టు రాశాను. మొదటి పేరాలో, మధ్యలో ఆపేస్తే పిల్లలు నేర్చుకున్నది ఎలా పోతుందో. రెండో పేరాలో, డాన్సు ప్రాక్టీసు భాష నేర్పదని. మూడో పేరాలో, కెఫటేరియా ఖాళీగా ఉండగా క్లాసు గదే ఎందుకని. అడుగున పేరు ప్రోగ్రామే వేసుకుంటుందని మా ఆయన అంతకుముందే చెప్పారు కాబట్టి అదీ రాయలేదు. కమిటీ పంపిన మీటింగు మెయిల్‌కి జవాబుగా అందరికీ పంపేశాను.

అధ్యక్షుల వారి అడ్రస్ నుంచి జవాబు వచ్చింది. మా ఆయన చదివి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నేను వంటింట్లోంచి వచ్చి చూశాను.

"సర్, చాలా క్లియర్‌గా, చాలా బ్యాలెన్స్‌డ్‌గా రాశారు. కమిటీ అంతా ఏకీభవిస్తోంది. క్లాసు కొనసాగుతుంది. మీలాంటివారు గైడెన్స్ ఇస్తే బాగుంటుందని, మిమ్మల్ని తెలుగు బడి కోఆర్డినేటర్‌గా ఉండమని కోరుతున్నాం. వచ్చే ఆదివారం అనౌన్స్ చేస్తాం." ఇంగ్లీషులో ఉన్నదానికి సారాంశం ఇది.

సర్ అంటే మా ఆయన. ఆయనకి తెలుగు బడి ఏ వీధిలో ఉందో కూడా తెలియదు. ఆదివారాలు నన్ను దింపేది పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు.

"ఇదెలా జరిగింది?" అన్నాను.

"సింపుల్. ఇందులోంచి ఏది పంపినా నా పేరుతోనే వెళ్తుంది, నీ ఫోల్డర్ వచ్చినవి చూసుకోడానికే. సంఘం మెయిల్స్ నా ఫోల్డర్‌కి వస్తాయి. నువ్వు అక్కడే రిప్లై కొట్టావు. ఫ్రమ్‌లో నా పేరు, కింద నా పేరు. చూసుకోవద్దూ?"

"ఎవరి పేరుతో పోతోందో చూసుకోవాలని చెప్పారా నాకు?"

"పైనే కనపడుతుంది కదా. అయినా క్లాసు నిలబడింది. పని అయింది కదా, ఎవరి పేరుతో అయితే ఏంటి?"

"అయితే మీ ప్రమోషన్ లెటర్ మీద నా పేరు వేయించండి. పని మీరే చేస్తున్నారు కదా, ఎవరి పేరుతో అయితే ఏంటి?"

ఆయన నవ్వు ఆపి, "జరుగు, సరిచేసి పెడతా" అన్నారు, కుర్చీ వెనక చెయ్యి వేసి. నేను జరగలేదు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్తే ఏమంటారో నాకు తెలుసు. "ఓహో, మీరిద్దరూ కలిసి రాశారన్నమాట" అంటారు. ఆ వాక్యం వాళ్లు అనకముందే నా చెవిలో మోగుతోంది. మీటింగులో ఇవే మాటలు ఎమోషనల్ అయ్యాయి, ఆయన పేరు తగలగానే బ్యాలెన్స్‌డ్ అయ్యాయి. అందుకని అదే ఉత్తరం, అదే తెర మీద నుంచి, నా పేరుతో వాళ్లకి చేరాలి. ఆదివారం అనౌన్స్ చెయ్యకముందే చేరాలి. పోనీ కాలేజీ కంప్యూటర్ మీద కూర్చుని పంపుకోవచ్చు కదా అంటే, పంపుకోవచ్చు. కానీ మా ఇంట్లో ఆ పెట్టె అలాగే ఉంటుంది, మళ్లీ నా నోట్లోంచి ఆయన పేరు వస్తుంది.

శనివారం మా ఆయన ఏదో మెషీన్ ఆగిపోయిందని ఫ్యాక్టరీకి వెళ్లారు. ఆయన సెట్టింగుల ఫైలు తెరిచి కూర్చున్నాను. అలాంటి ఫైలు మనుషులు చదవడానికి రాసింది కాదు. మధ్యమధ్యలో ఆయన తనకి తాను రాసుకున్న గుర్తులు, "దీన్ని ముట్టుకోవద్దు", "ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియదు" అని. ఇదీ నా పేరు నిలబడాల్సిన పునాది.

ముందు నా ఫోల్డర్‌కి ఫ్రమ్ అన్నచోట నా పేరు, నా అడ్రస్ వేసి, నాకే ఒక మెయిల్ పంపుకున్నాను. తిరిగొచ్చింది. ఈ అడ్రస్‌తో ఇక్కడి నుంచి పంపడానికి మీకు అనుమతి లేదని ఇంగ్లీషులో మర్యాదగా రాసి ఉంది. ఆ భాష నాకు కొత్త కాదు, వీసా కాగితాల్లో చదివి చదివి అలవాటైంది.

మా ఆయనకి ఫోన్ చెయ్యాలంటే ఇంటర్నెట్ కట్ చెయ్యాలి. మాకున్నది ఒకటే లైను; ఇంటర్నెట్ నడుస్తుంటే ఫోన్ పలకదు. కట్ చేసి చేశాను.

"ఉత్తరం నీ పేరుతో ఉంది గాని పంపేది నా సర్వర్. అది ఒప్పుకోదు. మీ కాలేజీ సర్వర్ పెట్టాలి."

"ఎక్కడ పెట్టాలి? ఏమని పెట్టాలి?"

"మాన్యువల్‌లో ఉంటుంది. చదువు. ఇక్కడ మెషీన్ తగలబడుతోంది నాకు."

ఫోన్ పెట్టేసి, మళ్లీ కనెక్ట్ చేసి, ఆ మోడెమ్ కీచుకీచుమని అరవడం అయ్యాక మాన్యువల్ తెరిచాను. అందులో ప్రతి సంగతీ ఉంది, మొదలు ఎక్కడో మాత్రం లేదు. అన్నీ తెలిసినవాడు మళ్లీ తనకోసమే రాసుకున్న పుస్తకం. కాలేజీ వాళ్ల పేజీ చూస్తే, రంగురంగుల బొమ్మలతో వేరే ఏదో ప్రోగ్రామ్‌కి చెప్పారు. మళ్లీ ఇంటర్నెట్ కట్ చేసి వాళ్ల హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. నేను వాడేదేమిటో చెప్తే అవతల ఆవిడ "అది ఇంకా ఉందా?" అంది. ఉంది తల్లీ, మా ఇంట్లో ఉంది. పాపం సర్వర్ పేరు, ఏ తలుపు నుంచి వెళ్లాలో ఆ నంబరు చెప్పింది. దాన్ని పోర్టు అంటారట.

అవీ వేశాను. ఈసారి పాస్‌వర్డ్ తప్పు అంది. పాస్‌వర్డ్ తప్పు కాదు, నేను పెట్టుకున్నదే, రోజూ కాలేజీలో కొడుతున్నదే. మళ్లీ కొట్టాను. తప్పు. మెల్లగా, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాను. తప్పు. నా సంగతి నాకు తెలియదని ఒక యంత్రం నాతో అంటుంటే నిజంగా కీబోర్డు ఎత్తి కిటికీలోంచి పడేద్దామనిపించింది. కింద ఎవరిదో కారు ఉంది కాబట్టి ఆగాను.

తర్వాత ఫైలంతా మళ్లీ పై నుంచి చూస్తుంటే కనపడింది. మా ఆయన తనకి రాసుకున్న ఆ గుర్తులన్నిటి ముందూ హ్యాష్ గుర్తు ఉంది. ఆ గుర్తు తర్వాత ఉన్నది పట్టించుకోవద్దని ప్రోగ్రామ్‌కి చెప్పడం అన్నమాట. నా పాస్‌వర్డ్ మధ్యలో ఉన్నది ఆ హ్యాషే. సగం తీసుకుని, మిగతా సగం ఏదో గొణుగుతోందిలే అని వదిలేసింది. మా కమిటీ కూడా సరిగ్గా ఇలాగే వింటుంది నన్ను. పాస్‌వర్డ్‌కి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి, అంతా ఒకే మాటని చెప్పాను.

వెళ్లింది. నా ఫోల్డర్‌లోకి నా పేరుతో నా మెయిల్ వచ్చి పడింది. తెరిచాను. పైన నా పేరు. అడుగున మా ఆయన పేరు, ఆయన హోదా, ఆయన ఆఫీసు ఫోన్ నంబరు.

ఆ సంతకం ఇంకో ఫైలులో ఉందట. దాన్నీ వెతికి పట్టుకుని నాకు వేరే సంతకం చేసుకున్నాను. హోదా దగ్గర ఏం రాయాలో తెలియక కాసేపు ఆగి, పేరు మాత్రం ఉంచాను.

అప్పుడు కమిటీకి పంపాను. పాత ఉత్తరం మొత్తం, దాని పైన నాలుగు మాటలు: ఇది రాసింది నేను. నా భర్తకు దీంతో సంబంధం లేదు. మీరంతా దీనితో ఏకీభవించారు కాబట్టి కోఆర్డినేటర్ విషయంలో ఎవరిని అడగాలో వాళ్లని అడగండి. పేరు మారితే ఏ వాక్యమైనా తప్పయిపోతుందనుకుంటే, అది ఏ వాక్యమో రాయండి.

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, మెషీన్ బాగయిందని, సోమవారం కాస్త ఆలస్యంగా వస్తానని మేనేజర్‌కి మెయిల్ కొట్టి స్నానానికి వెళ్లారు. ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి నా ఫోల్డర్‌లో మేనేజర్ జవాబు ఉంది. "సారీ, మీరెవరు?" అని.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నా మెయిల్ నీ పేరుతో ఎలా వెళ్లింది?"

నేను నా ఫోల్డర్‌లోకి వెళ్లినప్పుడు పేరు నాది అవుతోంది గాని, ఆయన ఫోల్డర్‌లోకి తిరిగొచ్చినప్పుడు మళ్లీ ఆయనది చెయ్యమని ఎక్కడా చెప్పలేదట. అది నా తప్పో ఆయన తప్పో అప్పుడు తేల్చుకునే ఓపిక లేదు.

"పని అయింది కదా" అన్నాను, "ఎవరి పేరుతో అయితే ఏంటి?"

ఆయన మేనేజర్‌కి వివరంగా ఇంకో మెయిల్ రాసుకున్నారు, పంపేముందు పై వరస రెండుసార్లు చూసుకుని.

ఆదివారం పొద్దున్నే అధ్యక్షుల వారి ఫోన్. మా ఆయనే తీశారు. అవతలి గొంతు నాకూ వినపడుతోంది.

"సార్, మేడమ్ గారు ఏదో మెయిల్ పంపారట. కొంచెం కోపంగా ఉన్నట్టుంది. మీరు చూశారా?"

ముందు రోజైతే ఏమనేవారో గాని, "ఆవిడ మెయిల్ అండీ అది, ఆవిడనే అడగండి. నేను మొదటిది కూడా పూర్తిగా చదవలేదు" అని ఫోన్ నా చేతికిచ్చేశారు.

"కోపం ఏ వాక్యంలో కనపడింది సార్?" అన్నాను.

"అబ్బే, నా ఉద్దేశం అది కాదండీ. నేను ఇంకా డీటెయిల్డ్‌గా చూడలేదు. కమిటీతో మాట్లాడి చెప్తా."

చూడనివాడికి కోపం ఎలా కనపడిందని అడుగుదామనుకునేలోపు పెట్టేశారు.

ఆ రోజు నా క్లాసయ్యాక కుర్చీలు సర్దుతుంటే అధ్యక్షుల వారి భార్య వచ్చి ఇంకో పక్క పట్టుకుంది. కుర్చీ దించుతూ, అటూ ఇటూ చూసి మెల్లగా అంది.

"అక్కా, ఆ మెయిల్‌కి జవాబు రాసింది నేనే."

"ఏ మెయిల్‌కి?"

"మొదటిదానికి. సార్‌ని కోఆర్డినేటర్ చేద్దామని రాసింది కూడా నేనే. సంఘం మెయిల్స్ అన్నీ నేనే చూస్త. ఆయనకి టైమ్ ఏడుంది? చదివి చెప్పిన, సరే పంపెయ్ అన్నడు. నిన్న మీది రాంగనే చెప్పిన, మేడమ్‌కి కోపమొచ్చింది, మీరే మాట్లాడుర్రి అని. నాకేం తెలుసక్కా అది మీరు రాసిండ్రని?"

వారం రోజులుగా మోస్తున్న కోపం, దించుదామంటే చోటు లేకుండా పోయింది. నేను మా ఆయన పేరుతో రాశాను, ఈవిడ వాళ్లాయన పేరుతో మెచ్చుకుంది. ఆ ఇద్దరు మగవాళ్లలో ఎవరూ ఆ ఉత్తరం పూర్తిగా చదవలేదు. కమిటీలో మిగతావాళ్లు కూడా అధ్యక్షుల వారే ఒప్పుకున్నారు కదా అని ఒప్పుకున్నారట.

"కోఆర్డినేటర్‌గా మీ పేరే వేస్త అక్కా. రాత్రికల్లా కమిటీకి పంపిస్త."

"ఎవరి పేరుతో పంపిస్తావు?"

నవ్వింది. "ఇంకెవరి పేరుతోని?"

నాకు నవ్వు రాలేదు. ఆవిడ నవ్వు ఆపి, "ఇంతకీ మీరెట్ల పంపిండ్రు, మీ పేరుతోని?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. ఫోల్డరు, సర్వరు, పోర్టు, హ్యాషు. ఆవిడ కళ్లు మెల్లగా గోడ మీద గడియారం వైపు పోయాయి. మా ఆయన మాట్లాడుతున్నప్పుడు నా కళ్లు ఎటు పోతాయో గుర్తొచ్చి ఆపేశాను.

"శనివారం మా ఇంటికి రా. టీ నేను పెడతాను. కుర్చీలో నువ్వు కూర్చో."

"వస్త గానీ, ఆ నల్ల తెర మాత్రం వద్దక్కా."

వచ్చింది. ఆవిడ కోసం బ్రౌజరే తెరిచాం. అది తెరుచుకునేలోపు టీ అయిపోయింది, మిక్చర్ అయిపోయింది, వాళ్లమ్మాయి చదువు గురించి మాటలు అయిపోయాయి. తర్వాత ఆవిడ ఒక్కో వేలితో అక్షరాలు వెతుక్కుంటూ తన అడ్రస్ తనే తెరుచుకుంది. ఒక చోట ఆగిపోతే నా చెయ్యి దానంతటది కీబోర్డు వైపు పోయింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి చెయ్యలేదు.

కోఆర్డినేటర్‌గా నా పేరు అంతకు ముందే కమిటీ నుంచి వచ్చేసింది, అధ్యక్షుల వారి సంతకంతో. తర్వాత వారంలో నల్ల తెర మీద నా ఫోల్డర్‌లో ఒక కొత్త పేరు కనపడింది. ఆవిడది. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు. ప్రశ్నార్థకాలు లేకుండా మొత్తం చదువుకోగలిగాను.

"అక్కా, మీ లెటర్‌లో రెండో పేరా నేను ఒప్పుకోను. డాన్సు భాష నేర్పదని రాసిండ్రు. మా అమ్మాయి పాటలో ఒక్కో మాటకి అర్థం అడిగి అడిగి నేర్చుకున్నది, మీ క్లాసుకి రాకముందే. అది చదివిన రోజే రాద్దామనుకున్న. కానీ అది మా ఆయన మీ సార్‌కి రాసే జవాబాయె, ఎదురు చెప్తే బాగుండదని, బ్యాలెన్స్‌డ్‌గా ఉందని రాసిన."

రెండుసార్లు చదివాను. ఒళ్లు మండింది. సోనామసూరి చదివిన పిల్ల ఏ పాటకి డాన్సు చేసి అది నేర్చుకుందో చెప్పమనాలి ఈవిడని. జవాబు అక్షరం నొక్కాను. ముందు ఫ్రమ్ చూసుకున్నాను. నాదే. కింద సంతకం చూసుకున్నాను. అదీ నాదే. తర్వాత, 'నేను' అన్న మాటతో మొదలుపెట్టాను.